ఆవగింజ నుంచి అలసంద దాకా

మా నాయన ఒంటి మీద పుట్టుమచ్చలు తక్కువ. కొందరికి జుట్టు తక్కువ, కొందరికి ఓపిక తక్కువ, మా నాయనకు ఇది తక్కువ. ఆ సంగతి ఆయనకు గుడియాత్తంలో బంట్రోతు ఉద్యోగం దొరికిన రోజే తెలిసింది. సర్వీసు రిజిస్టరు రాసే గుమాస్తా "ఒంటి మీద గుర్తులు రెండు చెప్పప్పా" అన్నాడట. సర్కారుకు మనిషి మొహం ఒక్కటే చాలదు. నాయన ఎడమ మోకాలి మీద చిన్నప్పుడు బావిగట్టు మీద పడిన గాటు చూపించాడు. ఒకటైంది. రెండోదానికి చొక్కా విప్పాడు, చేతులు తిప్పాడు, మెడ సాచాడు. ఎక్కడా ఏమీ లేదు. వెనకాల ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు, గుమాస్తా చేతిలో కలం ఆరిపోతూ ఉంది. అప్పుడు గుర్తొచ్చి, కుడికాలెత్తి గుమాస్తా బల్ల మీద పెట్టి అరికాలు చూపించాడట. మడమకు కొంచెం పైన ఆవగింజంత నల్లమచ్చ. చేరిన రోజే పైవాడి బల్ల మీద కాలు పెట్టిన బంట్రోతు మా జిల్లా మొత్తానికి ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

అరికాల్లో మచ్చ ఉన్నవాడు దేశాలు తిరుగుతాడని మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఊరందరికీ చెప్పుకునేది. నాయన తిరిగిన దేశం పేర్ణాంబట్టు. వారానికి రెండుసార్లు తపాలు సంచీ తీసుకుని బస్సులో పోయి, తోళ్ళు పదును చేసే షాపుల వాసన ఒంటికి పట్టించుకుని తిరిగొచ్చేవాడు. ఒకసారి పెండ్లికని జోలార్పేట దాకా పోయాడు గానీ, అన్ని దిక్కులకూ పోయే రైళ్ళు చూసేసరికి ఏది ఎక్కితే ఎక్కడ తేలతానో అని బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు. అయినా మచ్చ మీద నమ్మకం మాత్రం పోలేదు. ఉద్యోగం వచ్చింది మచ్చ వల్లే. స్వతంత్రం వచ్చిన రోజు ఆఫీసు ముందర జెండా కొయ్యకు తాడు కట్టే భాగ్యం దొరికిందీ మచ్చ వల్లే. నేను పుట్టింది మాత్రం అమ్మ వల్లనని ఒప్పుకునేవాడు, పుణ్యాత్ముడు.

మా ఇంట్లో ఆ మచ్చను నెత్తిన పెట్టుకోని మనిషి అమ్మ ఒక్కతే. ఆమెకు దానితో వేరే లెక్క ఉండేది.

శనివారం మగవాళ్ళకు నూనె స్నానం. పెరట్లో రాతి మీద నాయనను కూర్చోబెట్టి, గోచీ తప్ప గుడ్డ లేకుండా చేసి, అమ్మ నడినెత్తి నుంచి అరికాళ్ళ దాకా నువ్వులనూనె పట్టించేది. ఆ చేతికి తెలియని చోటు ఆయన ఒంటి మీద లేదు. ఎక్కడ కురుపు లేస్తోందో ఆయనకంటే ముందు ఆమెకే తెలిసేది. ఒక దసరా ముందరి శనివారం ఆమె పాదం దగ్గర ఆగిపోయింది. నన్ను కేకేసి, "మెంతిగింజ ఒగటి తేమ్మా" అంది.

అమ్మకు రాయడం రాదు. మా ఇండ్లలో అప్పుడు ఎవరికీ తెలుగు రాయడం రాదు, నాకు బడిలో నేర్చిన అరవం వచ్చు. తెలుగు అక్షరాలు నేను పెండ్లయి చిత్తూరు పోయాక నేర్చుకున్నవి, అందుకే ఈ వయసులో ఇట్లా తెగ రాసేస్తున్నాను. అమ్మ మటుకు కొలవాల్సిందేదైనా గింజలతో కొలిచేది. జ్వరం ఎన్నాళ్ళని అడిగితే కొంగుముడి విప్పి కందిగింజలు చూపించేది. మా పోపులపెట్టెకు ఐదు గుంతలు. నాలుగింట్లో ఆవాలు, మెంతులు, జీలకర్ర, మిరియాలు. ఐదోది అమ్మ కొలతగింజల కోసం ఖాళీ. ఆ ఐదో గుంత అమ్మ లెక్కల కచేరీ అని నాయన ఎగతాళి చేసేవాడు.

నేను తెచ్చిన మెంతిగింజను ఆమె మచ్చ మీద ఆనించి చూసింది. సరిపోయింది. "ఆవగింజంత కదా ఉండింది?" అని దాన్ని ఐదో గుంతలో వేసింది. దీపావళికి పెసరగింజ పడింది. సంక్రాంతి దాటినాక కందిగింజ. నాయనకు నవ్వు. "నా మచ్చకు పోపు పెడతావుండావా?" అనేవాడు.

ఆ ఏడాదే ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మిగిలాము. మాకంతవరకు మేము తెలుగువాళ్ళమని గుర్తే లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపంలో రెండూ. ఉన్నట్టుండి ఆఫీసులో ఎవరో, తెలుగు మాట్లాడేవాళ్ళ పేర్లు రాసుకుని అందరినీ కొత్త రాజధాని కర్నూలుకు పంపించేస్తారని పుకారు లేపారు. నాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. వీధి చివర టీ అంగట్లో అరవవాళ్ళు "ఏమప్పా, ఎప్పుడు నీ ప్రయాణం? మూట కట్టినావా?" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవాళ్ళు. కర్నూలులో అన్నీ తెలుగులో రాయాలట అని ఇంకెవరో చెప్పారు. ఆయన ఎక్కడినుంచో ఒక తెలుగు పంచాంగం తెచ్చి, తలకిందులుగా పట్టుకుని, అరగంట సేపు చూశాడు. బొమ్మలో వినాయకుడు శీర్షాసనం వేసి ఉన్నాడని నేను చెప్పాక తిప్పాడు.

అవ్వ మాత్రం సంబరంగా ఉంది. "నేను చెప్పలేదా? ప్రయాణం దగ్గరికొచ్చే కొద్దీ మచ్చ పెరుగుతా ఉండాది సూడు!" అని వచ్చినవాళ్ళందరికీ కొడుకు అరికాలు చూపించేది. చూసినవాళ్ళు దండం పెట్టుకుని పోయేవాళ్ళు. పొరుగింటామె ఒకతె కుంకుమ పెడతానంటే నాయనే వద్దన్నాడు. కితకితలట.

ఆషాఢంలో అలసంద పడింది ఐదో గుంతలో. ఆ శనివారం అమ్మ నూనె చెయ్యి తుడుచుకుని, ఆ కాలును వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. "అలసందకైనా అంచు నున్నగా ఉంటాది. దీని అంచు సూడు, ఎలక కొరికినట్టుండాది. ఒగపక్క నలుపు, ఒగపక్క మట్టిరంగు. చెప్పులో నెత్తురు మరక కూడా సూసినా నేను" అంది. నాయన, చెప్పు కరిచిందన్నాడు. "ఎడమకాలి చెప్పు యాల కరవలేదు?" అంది అమ్మ. సోమవారం సెలవు పెట్టించి వేలూరు బస్సెక్కించింది. నన్ను కూడా తీసుకుపోయారు, డాక్టర్లు చీటీ మీద ఏదన్నా రాస్తే చదవడానికి.

వేలూరు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ, వెంట్రుకలు నెరిసిన మనిషి, అద్దం పెట్టి అరికాలు చూసింది. ఎన్నాళ్ళ నుంచి పెరుగుతోందని అడిగింది. నాయన "పుట్టినప్పటి నుంచీ, చాలా మంచి మచ్చ" అన్నాడు. అమ్మ ఆయనను మోచేత్తో పొడిచి, కొంగుముడి విప్పి, బల్ల మీద గింజలు వరసగా పేర్చింది. "ఇది పెండ్లినాటికి. ఇది పోయిన దసరాకు. ఇది దీపావళికి. ఇది సంక్రాంతి దాటినాక. ఇది మొన్న శనివారానికి." ఆవగింజ, మెంతి, పెసర, కంది, అలసంద. డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసి గింజల వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, పక్కగదిలోంచి ఇద్దరు చిన్న డాక్టర్లను పిలిచి చూపించింది. వాళ్ళు గింజలు లెక్కపెట్టి రాసుకున్నారు. అమ్మకు సిగ్గేసి, అలసంద కొంచెం పుచ్చింది, క్షమించండి అంది.

తర్వాత డాక్టరమ్మ నవ్వు తగ్గించుకుని, మెల్లగా, అరవంలో చెప్పింది. ఇది రాచపుండు, అంటే క్యాన్సరు, మొదలయ్యే లక్షణం. నల్లని ఒంటివాళ్ళకు ఇట్లా అరికాళ్ళలో, అరిచేతుల్లో, గోళ్ళ కింద వస్తుంది, ఎవరూ చూసుకోరు. ఇప్పుడు కోసేస్తే మనిషి మిగలచ్చు. పాకితే ఏమీ చెయ్యలేము. పది రోజుల్లో వచ్చి చేరండి.

నాకు పదకొండేళ్ళు. 'మిగలచ్చు' అన్న మాట నాకు అర్థమైంది. నాయన పంచె కొసను గట్టిగా పట్టుకున్నాను.

నాయన చేతులు జోడించాడు. "కోసేదానికి లేదు డాక్టరమ్మా. అది నాది కాదు, సర్కారుది."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాయన విడమరిచి చెప్పాడు. అది రిజిస్టరులో ఎక్కిన మచ్చ. రాష్ట్రాలు విడిపోతున్నాయి, కాగితాలన్నీ సరిచూస్తారు. రేపెవరో పెద్దాయన వచ్చి కాలెత్తమంటే, ఎత్తి చూపించడానికి మచ్చ లేకపోతే, నువ్వు నువ్వు కాదు పొమ్మంటారు. ఇటు మద్రాసువాళ్ళు తెలుగోడివి పొమ్మంటారు, అటు ఆంధ్రావాళ్ళు మచ్చ లేదు రావద్దంటారు. నడిమధ్య పాలారు ఏటి ఇసకలో కూర్చుని ఉండాలి నేను.

డాక్టరమ్మ పెద్దపెద్ద జబ్బులను చూసిన మనిషే గానీ సర్వీసు రిజిస్టరును ఎప్పుడూ చూసినట్టు లేదు. అమ్మ గింజలన్నీ మళ్ళీ కొంగులో ముడేసుకుంది. తిరుగు బస్సులో గుడియాత్తం దాకా ఆ ముడిని వేళ్ళతో నొక్కుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. అంతవరకు ఆఫీసు గడప తొక్కని మనిషి, నాయన వెనకాలే పోయి, హెడ్డు గుమాస్తా ముందర నిలబడి, అలసందగింజ ఆయన ఫైళ్ళ మీద పెట్టింది. "సామీ, ఇది తీసేయకుంటే ఈయన బతకడంట. తీస్తే ఉద్యోగం పోతాదంటాడు. మీరేదో ఒగటి చెప్పండి."

హెడ్డు గుమాస్తా అరవాయన, ముక్కుపొడి మనిషి, లోపల మాత్రం వెన్న. మొదట పగలబడి నవ్వాడు. కర్నూలుకు బంట్రోతులను ఎవరూ పిలవలేదయ్యా, అక్కడ బంట్రోతులు కరువా అన్నాడు. పది నెలలుగా నిద్ర లేకుండా చేసిన పుకారు అంతటితో పోయింది. కానీ మచ్చ సంగతి వచ్చేసరికి ఆయనా నవ్వు ఆపాడు. రూల్సులో మనిషికి రెండు గుర్తులుండాలి. ఒకటి తీసేస్తే దాని బదులు ఇంకొకటి చూపించి, పెద్దాయన చేత సంతకం పెట్టించాలి. పెద్దాయన శుక్రవారం క్యాంపుకు పోతున్నాడు, రావడానికి నెల పడుతుంది. "గురువారం లోపల ఇంకో మచ్చ పట్టుకురా అప్పా. పుట్టుమచ్చే కావాలి. కొత్తగా తగిలించుకున్న గాయం పనికిరాదు" అన్నాడు. నాయన అప్పటికే బల్ల మూలకు మోచెయ్యి గీరబోతూ ఉన్నాడు, ఆ చివరి మాట అందుకే అన్నాడేమో.

బుధవారం పొద్దున పెరట్లో నాయనను రాతి మీద కూర్చోబెట్టారు. సోదా మొదలైంది. అవ్వ కళ్ళజోడు పెట్టుకుని వీపు పట్టింది. నాకు చేతులూ వేళ్ళూ ఇచ్చారు, పెన్సిలు చెవిలో పెట్టుకున్నాను. మొదటి మచ్చ అవ్వకే దొరికింది, భుజం మీద. సంతోషంతో కేక పెట్టింది. నూనె రాస్తే ఊడిపోయింది, పొయ్యి మసి. రెండోది నడుం దగ్గర. అది పులిపిరి. నాయన దాన్నే రాయిద్దామన్నాడు గానీ, పులిపిరి రేపు రాలిపోతే మళ్ళీ మొదటికొస్తాదని నేనే వద్దన్నాను. నాకు అప్పుడే ఆఫీసు బుద్ధి. మూడోది మోచేతి కింద, నల్లగా, గుండ్రంగా, ముచ్చటగా ఉంది. అది బీడీ కాలిన మచ్చ అని నాయన తలొంచుకున్నాడు. బీడీ మానేశానని ఆయన అవ్వ మీద ప్రమాణం చేసి మూడేళ్ళయింది. అవ్వ సోదా ఆపేసి వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. అవి ఎర్రగా తేలాయి గానీ, అవీ రూల్సుకు పనికిరావు.

పదిగంటలకు ముగ్గురం అలిసిపోయాము. అవ్వ కూలబడి, "ఏమి కన్నానురా నిన్ను, ఒగ మచ్చ కూడా పెట్టకుండా" అని ఏడుపు మొదలుపెట్టింది. అది తమాషా ఏడుపు కాదు. నాయన రాతి మీద గోచీతో, నూనె కారుతూ, చిన్నపిల్లవాడిలా కూర్చుని ఉన్నాడు. నాకు భయమేసింది.

అమ్మ ఇంతసేపూ పొయ్యి దగ్గరే ఉంది. అక్కడినుంచే, ఇటు తిరక్కుండా, "కుడిచెవి ఎనక సూడండి. ఎంటికల కింద" అంది.

అవ్వ చెవి మడిచి, జుట్టు పక్కకు తోసింది. ఉంది. జీలకర్రంత, కోలగా, గోధుమరంగులో. గోకింది, పోలేదు. తడిగుడ్డతో రుద్దింది, పోలేదు. పుట్టుమచ్చే. కన్నతల్లికి తెలియదు, మోసినవాడికి తెలియదు.

"నీకెట్ల తెలుసునే?" అంది అవ్వ, కొంచెం ఉక్రోషంగానే.

అమ్మ పొయ్యిలో కట్టె సరిచేసింది. "తాళి కట్టేటప్పుడు ముడేసేదానికి వంగినాడు కదత్తా. తలెత్తి సూడగూడదంటిరి. ఆ పొద్దు నేను ఈయన్ని సూసిందంతా ఆ చెవే."

నాయన చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఆయన్ని అట్లా చూడడం నాకు అదే మొదలు. పెండ్లయి పదమూడేళ్ళు, ఆమె ఆ చెవిని గురించి ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగలేదు.

గురువారం హెడ్డు గుమాస్తా కలం కొసతో నాయన జుట్టు ఎత్తి చూసి, సరి అన్నాడు. పెద్దాయన సంతకం పెట్టాడు. శనివారానికి మేము వేలూరులో ఉన్నాము. మచ్చతో పాటు చుట్టూ కండ కూడా తీసేసి, ఆ గుంతకు నాయన తొడ మీది చర్మం తెచ్చి అతికించారు. తీసిన ముక్కను అద్దాల కింద పెట్టి చూసి, అది రాచపుండేనని, ఇంకా లోతుకు దిగలేదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఇకమీద నెలకొకసారి ఇంట్లో అందరి ఒళ్ళూ చూడమంది. అంచు చెదిరిందా, రంగు మారిందా, పెరిగిందా, దురద పెడుతోందా, నెత్తురు వస్తోందా. అరికాళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళు మరిచిపోవద్దంది. అమ్మ అన్నిటికీ తలూపింది. అమ్మకు కొత్తగా చెప్పింది నెలకొకసారి అన్న మాట ఒక్కటే, తను వారానికొకసారి చూస్తోంది కదా.

నాయన ఇంటికొచ్చి, కర్ర పట్టుకుని, "తొడ మీద నడిచే మొగోడు ఈ రాష్ట్రంలో నేనొక్కన్నే. ఆ రాష్ట్రంలో కూడా లేడు" అని టీ అంగట్లో చెప్పుకున్నాడు. అవ్వ, ఇంక వీడు దేశాలు తిరిగేది లేదని కొన్నాళ్ళు బాధపడింది.

పుండు మానినాక వచ్చిన మొదటి శనివారం నూనె స్నానం అయ్యాక అమ్మ లేవబోతే, నాయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "కూర్చో. కాలు ఇట్టియ్యి" అన్నాడు.

"ఏమి?"

"నువ్వు అందరివీ సూస్తావు. నీది ఎవరు సూస్తారు?"

అవ్వ గడపలోంచి అరిచింది, "ఒరే, ఆడదాని కాళ్ళు మొగోడు పట్టుకుంటాడా? ఎవురన్నా సూస్తే?"

"పెండ్లిలో మెట్టెలు తొడిగేదానికి పట్టుకోలేదా అమ్మా? అప్పుడు నాకు సిగ్గేసి కండ్లు మూసుకున్నా. ఏమీ సూడలేదు" అన్నాడు నాయన. అమ్మ కాలును ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి నుంచి మొదలుపెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి, బట్ట నేసేవాడు పోగు చూసుకున్నట్టు చూశాడు. అమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎడమ మడమ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఆవగింజ ఒగటి తేమ్మా" అన్నాడు.

నేను పరిగెత్తి తెచ్చాను. ఆనించి చూశాడు. సరిగ్గా అంతే ఉంది. దాన్ని ఆయనే లేచి, కర్ర ఊతంతో వంటింట్లోకి పోయి, ఐదో గుంతలో వేశాడు. ఆ తర్వాత ముప్పై యేండ్లపైన ప్రతి శనివారమూ ఆ కాలు పట్టుకున్నాడు. ఆ మచ్చ ఎన్నడూ మెంతిగింజ కాలేదు. ఇద్దరూ ముసలివాళ్ళయి, ముసలితనంతోనే పోయారు, ఆయన ముందర, ఆమె తర్వాత.

ఇప్పుడు నెలకొక శనివారం నేను గోడకు ఆనుకుని, ఒక అద్దం చేతిలో, ఒక అద్దం బీరువాకు, నా ఒళ్ళు నేను చూసుకుంటాను. అరికాళ్ళకు నడుం వంగదు, తిట్టుకుంటూ వంగుతాను. పోపులపెట్టె నా దగ్గరే ఉంది. ఐదో గుంత నేను ఎన్నడూ కడగలేదు. నాయన పోయాక అమ్మ నా దగ్గరున్న రెండేళ్ళు, శనివారం కాలు చూస్తానని నేనడిగితే ఇచ్చేది కాదు. "ఉండనీమ్మా, మీ నాయన సూసినాడు" అనేది.